ఎనిమిదెకరాల వరి, ఐదు బర్రెలు: ఈ లెక్క నిలబడుతుందా?

మిర్యాలగూడ_వరి
సాగర్ ఎడమ కాలువ కింద ఆరెకరాలు, బోరు కింద రెండెకరాలు. అంతా వరే. కాలువ నీళ్లు సరిగా రాని ఏడాది యాసంగి సగమే వేస్తాం. పోయిన వానాకాలం దున్నకం, నాట్లు, ఎరువులు, మందులు, కోత మిషన్ అన్నీ పోను మిగిలింది చూసుకుంటే నాకు నిద్ర పట్టలేదు. అది కూడా వడ్లు కాంటా అయి పైసలు పడేదాకా ఆగాలి. ఈలోపు దుకాణంలో అప్పు, దానికి మిత్తి.

గడ్డి మాత్రం బోలెడు. మా చుట్టుపక్కల సగం మంది కాల్చేస్తారు. నేనూ రెండేళ్లు కాల్చాను, ఈసారి అగ్గి పెట్టబుద్ధి కాలేదు. గడ్డివామి లేకుండా మన ఇల్లు ఎప్పుడూ లేదని నాన్న రోజూ గుర్తు చేస్తున్నాడు.

నా లెక్క ఇది. ఐదు ముర్రా బర్రెలు, ఒక్కోటి 10 లీటర్లు, రోజుకు 50. లీటరుకు 60 వేసుకున్నా రోజుకు 3,000. గడ్డి ఇంటిదే. తవుడుకు మిర్యాలగూడ మిల్లులు ఉండనే ఉన్నాయి. నా భార్య ఒక్కటే అడిగింది, "ముందు పాలు పిండేది ఎవరో చెప్పు" అని. నా దగ్గర జవాబు లేదు. వరితో పాటు పాడి నడుపుతున్నవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

యాసంగి_మడి
ఐదుకి ఐదూ ఏడాది పొడవునా పాలిస్తాయని లెక్క వేశారు. మొదటి తప్పు అక్కడే ఉంది.

దివిసీమ_పాడి
పై ఆయన చెప్పిందే కొంచెం విడమరిచి చెబుతాను. మాకు ఏడెకరాల వరి, పదకొండేళ్లుగా గేదెలు. ఇప్పుడు ఆరున్నాయి.

పది లీటర్ల గేదె అంటే ఈనిన కొత్తలో రెండు మూడు నెలలు పది ఇచ్చే గేదె. తర్వాత ఎనిమిది, ఆరు, నాలుగు. ఈత మొత్తానికి సగటు తీస్తే నాకు ఆరున్నర, ఏడు దాటలేదు. గేదె చూడి పది నెలలు దాటుతుంది, సుమారు 310 రోజులు. ఈనగానే మళ్లీ కట్టదు. ఎదకు రావాలి, మనం ఆ ఎదను కనిపెట్టాలి, సూది వేయించాలి, అది నిలవాలి. నా దగ్గర ఈతకూ ఈతకూ మధ్య 15 నెలలు పట్టింది, ఒకదానికి 18. ఐదుంటే ఏ రోజైనా పాలిచ్చేవి మూడు అనుకోండి. రెండు వట్టిపోయి ఉంటాయి, కానీ వాటికీ మేత పెట్టాలి.

ఇప్పుడు వేయండి. మూడు గేదెలు, ఏడేసి లీటర్లు, 21. మీరన్న 60 రూపాయల ధరకే 1,260. దాణా ఒంటికి కిలో, గేదె పాలైతే ప్రతి రెండు లీటర్లకు ఇంకో కిలో. వట్టిపోయిన చూడి గేదెలకు ఇంకో కిలో చొప్పున కలిపితే రోజుకు 17, 18 కిలోలు. కిలో 30 చొప్పున 525 పైన పోతుంది. మందులు, బీమా, లవణ మిశ్రమం, కరెంటు అన్నీ కలిపి వంద. చేతికి 630. ఇందులో నుంచి నెలకు 15,000 ఇచ్చి జీతగాడిని పెట్టారా, మీకు రోజుకు 130 మిగులుతుంది. బ్యాంకు కిస్తీ ఇంకా తీయలేదు.

అంటే ఐదు గేదెల మీద వచ్చేది పెట్టుబడికి లాభం కాదండీ, ఇంట్లో వాళ్ల కూలి. ఆ కూలి చాలనుకుంటే చేయండి. మేం చాలనుకునే చేస్తున్నాం, ఎందుకంటే పదిహేను రోజులకోసారి డబ్బు పడుతుంది. వరి డబ్బు ఏడాదికి రెండుసార్లే కదా.

మిర్యాలగూడ_వరి
50 లీటర్లు అనుకున్నది 21కి దిగింది. రాత్రి ఈ లెక్కను నోటుబుక్కులో మూడుసార్లు వేశాను. మరి గడ్డి ఇంటిదే కదా, అక్కడ నాకు కలిసిరాదా?

జగిత్యాల_మక్క
గడ్డి కడుపు నింపుతుంది, పాలివ్వదు. వరిగడ్డిలో మాంసకృత్తులు మూడు నాలుగు శాతమే. దానికి తోడు ఇసుక గుణం ఎక్కువ. పచ్చిమేత లేకుండా గడ్డి, తవుడు మీద నడిపితే బర్రె చిక్కిపోతుంది, ఎదకు రాదు. మా ఊళ్లో ఇద్దరు అట్లనే చేసి రెండేళ్లలో అమ్మేశారు.

మీరు ముందు పశువులను కాదు, మేతను తేవాలి. బోరు కింద ఉన్న రెండెకరాల్లో ఎకరం నేపియర్ గడ్డికి వదలండి. కణుపు ముక్కలు పెట్టాక మొదటి కోత 70, 75 రోజులకు, తర్వాత 45 రోజులకోసారి. ఒకసారి పెడితే నాలుగేళ్లు ఢోకా లేదు. ఐదు బర్రెలకు రోజుకు 125 కిలోల పచ్చిమేత కావాలి, ఏడాదికి 45 టన్నులు. సరిగ్గా నీళ్లు, పెండ ఇస్తే అరెకరమే చాలు అంటారు. నేను ఎకరం అనే చెబుతా. ఎండాకాలం బోరు సన్నగిల్లినప్పుడు మీకే తెలుస్తుంది ఆ రెండో అరెకరం విలువ.

గుంటూరు_జనుము
నేపియర్ ఒక్కటే సరిపోదు. మూడు పాళ్లు నేపియర్‌కు ఒక పాలు పప్పుజాతి మేత కలవాలి. మా వైపు వరి కోతకు వారం ముందు తడి మీదే జనుము, పిల్లిపెసర చల్లేస్తాం. దున్నకం లేదు, నీరు లేదు, మంచు పదునుకే వస్తుంది. కోసి పెడితే గేదె పాలలో తేడా మూడో రోజుకే కనిపిస్తుంది. మళ్లీ వరికి ఆ మడి బలం వేరు. మీకు యాసంగి సగం బీడు పడే ఏడు ఉంటుందన్నారు కదా, ఆ సగంలో పిల్లిపెసర చల్లండి. గట్ల మీద అవిశ పెట్టండి.

యాసంగి_మడి
కోత మిషన్ చక్రాల కింద జనుము మొలక బతుకుతుందా? మాకు చైన్ మిషన్ వచ్చాక ఇది పోయింది.

గుంటూరు_జనుము
చైన్ మిషన్ తిరిగిన చాళ్లలో పోతుంది, నిజమే. మిగతాది వస్తుంది. తడి ఎక్కువున్న మడిలో మాత్రం దండగ. కోత అయ్యాక చల్లి ఒక తడి ఇవ్వాలి.

సింధనూరు_క్యాంపు
మా తాతలు గోదావరి నుంచి వచ్చి తుంగభద్ర కాలువ కింద స్థిరపడ్డారు. ఇక్కడ క్యాంపుల్లో అందరిదీ వరే. మా ఇంట్లో మాత్రం ఆవులు, నాలుగు జెర్సీ సంకరాలు. అందరూ గేదె గేదె అంటున్నారు కాబట్టి రెండో వైపు చెబుతాను. ఆవు చూడి తొమ్మిది నెలలే, ఎద స్పష్టంగా తెలుస్తుంది, గేదె కంటే త్వరగా మళ్లీ ఈనుతుంది. పాలు ఎక్కువ, వెన్న తక్కువ, అందుకే ధర తక్కువ. మాకు కర్ణాటకలో సహకార డెయిరీకి పోస్తే ప్రభుత్వం లీటరుకు కొంత అదనంగా ఇస్తుంది, కాబట్టి కుదురుతోంది. మీ దగ్గర ఆవుపాల ధర కనుక్కోకుండా నన్ను చూసి ఆవులు కొనకండి. ఇంకోటి, సంకరజాతి ఆవుకు పిడుదుల జ్వరం, ఎండ రెండూ పడవు. 2022లో ముద్దచర్మం జబ్బు వచ్చినప్పుడు మా వీధిలో గేదెల ఇళ్లు నిద్రపోయాయి, మేం పోలేదు.

కృష్ణా_కాలువ
వెన్న శాతం మీద ధర కట్టే చోట గేదే. ఇందులో చర్చ లేదు.

సింధనూరు_క్యాంపు
లీటరు ధర చూస్తున్నారు మీరు. ఏడాదికి ఎన్ని రోజులు పాలిచ్చిందో అది కూడా గుణించండి.

పెండకుప్ప
మీరంతా గేదె అంటున్నారు, అడిగిన అన్న బర్రె అన్నాడు. మా బర్రెను గేదె అని పిలిస్తే అది వెనక్కి కూడా తిరిగి చూడదు.

దివిసీమ_పాడి
మా గేదెకూ బర్రె అంటే తెలియదు. చిట్టు బకెట్ చప్పుడు మాత్రం రెంటికీ తెలుసు.

పెండకుప్ప
అది నిజం. ఇక అసలు మాట. ఎవ్వరూ పెండ లెక్క రాయలేదు. ఒక బర్రె రోజుకు 15 నుంచి 20 కిలోల పెండ వేస్తుంది. ఐదింటికి ఏడాదిలో 30 టన్నులు దాటుతుంది, మాగితే సగానికి వస్తుంది. మాది కోదాడ దగ్గర. ఆరేళ్ల కింద మా మడి చవుడు పేరుకుని, ఎండితే గట్టిగా పలకలు లేచేది. వంతులవారీగా ఏటా రెండెకరాలకు పెండ తోలుకుంటూ వచ్చాను. ఇప్పుడు అడుగు వేస్తే మెత్తగా దిగుతుంది. యూరియా ఎకరానికి ఒక బస్తా దాకా తగ్గించాను, దిగుబడి తగ్గలేదు. పాలల్లో మిగిలింది తక్కువే, ఒప్పుకుంటా. మడిలో మిగిలింది మాత్రం పాల చిట్టీలో కనిపించదు. పక్కన రెండు ఘనమీటర్ల గోబర్ గ్యాస్ కూడా ఉంది, మూడు నాలుగు పశువుల పెండ సరిపోతుంది. ఇంటి పొయ్యి దాని మీదే.

యాసంగి_మడి
పెండ కోసమే అయితే గొర్రెల మందను రెండు రాత్రులు మడిలో నిలిపితే చాలు. ఐదు బర్రెలకు ఐదు లక్షల అప్పు ఎందుకు? గడ్డి బేళ్లు కట్టించి అమ్ముకోండి, తలనొప్పి ఉండదు.

పెండకుప్ప
రెండు రాత్రుల మంద ఒక ఎకరానికి. ఎనిమిదెకరాలకు ఎన్ని రాత్రులు, ఏ నెలలో దొరుకుతాయి? మాకైతే వాళ్లు దొరికే నెలలో మడిలో వరి ఉంటుంది.

తెల్లారుజాము
అన్నా, మీ ఇంటామె అడిగిన ప్రశ్నకు ఇప్పటిదాకా ఇన్ని జవాబుల్లో ఒక్కరు కూడా జవాబు చెప్పలేదు. నేను చెబుతాను, ఎందుకంటే మా ఇంట్లో పిండేది నేనే.

నాలుగున్నరకు లేస్తాను. పెండ తీయాలి, కడగాలి, చిట్టు కలపాలి, నాలుగింటిని పిండాలి, ఆరున్నరకు పాల కేంద్రం దగ్గర ఉండాలి. తర్వాత పిల్లలకు బడి డబ్బాలు. మళ్లీ మధ్యాహ్నం మూడింటికి మొదలు. నాట్ల రోజుల్లో కూలీలకు అన్నం కూడా నేనే వండాలి, అప్పుడు కూడా బర్రె ఆగదు. మా తమ్ముడి పెండ్లికి నేను ఒక పూట ఉండి వచ్చాను. నా చేతి వేళ్లు రాత్రి పూట ముడుచుకోవు.

ఇంత చెప్పి వద్దంటానా అంటే, అనను. మాది ముల్కనూరు మహిళా డెయిరీ కింద ఊరు. 2002లో మొదలైంది, సభ్యులంతా ఆడవాళ్లే, పాల పైసలు నా పేరున నా ఖాతాలో పడతాయి. పెద్దపాప ఫీజు నేను కట్టాను, ఎవరినీ అడగలేదు. అది లేకపోతే ఈ పని నేను ఎప్పుడో మానేసేదాన్ని. మీరు బర్రెలు తెస్తే మూడు సంగతులు ముందే తేల్చుకోండి. పొద్దున ఎవరు, సాయంత్రం ఎవరు, పైసలు ఎవరి ఖాతాలో. వదినతో కూర్చుని మాట్లాడండి, నాన్నతో కాదు.

దివిసీమ_పాడి
ఈ మాట చదివి కాసేపు ఆగిపోయాను. మా ఇంట్లో లెక్క రాసేది నేను, పిండేది ఆమె. ఖాతా ఇంకా నా పేరునే ఉంది. మార్చాలి.

కృష్ణా_కాలువ
పాలు పితికే మిషన్ ఉంది కదమ్మా ఇప్పుడు.

తెల్లారుజాము
నాలుగు బర్రెలకు మిషన్ ధర ఎప్పటికి తీరుతుంది? పైగా కడగడం సరిగా లేకపోతే పొదుగువాపు. మిషన్ కడిగేది కూడా నేనే.

పశువైద్యం_24
పశువుల డాక్టర్‌గా డెల్టాలో తిరిగినవాడిని. ధాన్యం పండించే ఇళ్లలో పశువులు పోవడం నేను ఎక్కువగా చూసింది అంటురోగాలతో కాదు, పంటతోనే. అందుకే పొడుగైనా రాస్తున్నాను.

ఒకటి, వడ్లు. కల్లంలో రాశి పోసి కొనుగోలు కేంద్రం కోసం రోజుల తరబడి కాపలా కాస్తారు. రాత్రి పలుపు తెంచుకున్న గేదె కడుపునిండా వడ్లో మక్కలో తింటుంది. తెల్లారేసరికి పొట్టలో ఆమ్లం పెరిగి పడిపోతుంది. మిగిలిన పెళ్లి అన్నం తొట్టిలో పోసినా ఇదే. తిన్నట్టు తెలిసిన వెంటనే 1962కు ఫోన్ చేయండి, సంచార పశువైద్య వాహనం వస్తుంది. "పొద్దున చూద్దాం" అనుకున్నవాళ్ల గేదెలను నేను పొద్దున చూశాను.

రెండు, యూరియా. గడ్డిని యూరియాతో మాగబెట్టడం మంచి పద్ధతే. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా, 50 నుంచి 60 లీటర్ల నీళ్లలో కరిగించి పొరలు పొరలుగా చల్లి, తొక్కి, గాలి చొరకుండా పట్టా కప్పి 21 రోజులు ఉంచాలి. తీశాక కాసేపు ఆరబెట్టి, కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. ఆరు నెలల్లోపు దూడలకు పెట్టకూడదు. ప్రమాదం గడ్డిలో లేదు, ఆ నీళ్ల బకెట్‌లో ఉంది. కలిపిన నీళ్లు గట్టున పెట్టి ఫోన్ మాట్లాడేలోపు గేదె తాగేస్తుంది.

మూడు, బూజు. వానాకాలం గడ్డి తడి మీద వామి వేస్తే లోపల నల్లబడుతుంది. ఆ గడ్డి తిన్న గేదెలకు చెవుల కొసలు, తోక, గిట్టల పైన చర్మం ఎండి కుళ్లడం చూశాను. దాన్ని మేతగా వాడకండి, ఎరువు గుంతలో వేయండి. దాచుకోవాల్సింది యాసంగి గడ్డి. ఎండకు ఎండి శుభ్రంగా ఉంటుంది, చైన్ మిషన్ బురద అంటదు.

టీకాల సంగతి కూడా చెప్పాలి. గాలికుంటుకు ఆరు నెలలకోసారి, గొంతువాపుకు వానలకు ముందు. దూడ పుట్టిన గంటా రెండు గంటల్లోపు జున్నుపాలు తాగాలి, పది రోజులకు ఏలికపాముల మందు పట్టాలి. దూడ చస్తే గేదె చేపదు. అప్పుడు ఎవరో ఒకరు సూది మందు తెచ్చిస్తారు, దయచేసి ఆ దారిలో పోవద్దు.

రెండెకరాలు_కౌలు
నాలుగోది నేను కలుపుతాను. గట్టు గడ్డి. మా పక్క మడిలో పురుగుమందు కొట్టారని తెలియక గట్టున గడ్డి కోసుకొచ్చి వేశాను. సాయంత్రానికి గేదె నురగలు కక్కింది. చూడిది, ఎనిమిదో నెల. ఇది జరిగి మూడేళ్లయింది, ఇప్పటికీ ఆ గుంజ పీకలేదు నేను. పక్క మడి రైతుకు తెలిసి చేసింది కాదు. ఎవరు ఏ రోజు మందు కొడుతున్నారో అడగడం అప్పటి నుంచి అలవాటు చేసుకున్నాను.

మిర్యాలగూడ_వరి
అన్నా, చదువుతుంటే కడుపులో తిప్పింది. మా కాడ వరికి నాలుగైదు సార్లు కొడతాం. గట్టు గడ్డి లెక్కలోంచి తీసేశాను.

జగిత్యాల_మక్క
జొన్న వేద్దామనుకుంటే ఇంకో జాగ్రత్త. వానలు లేక గిడసబారిన లేత జొన్న, కోశాక వచ్చే పిలకలు పెట్టొద్దు. నాము అంటారు, నిమిషాల్లో పడిపోతుంది. పూత దాకా ఆగి కోయండి. దానికంటే మక్క మేలు. గింజ పాలు దాటి గట్టిపడే దశలో కోసి, ముక్కలు చేసి, గాలి లేకుండా తొక్కి పాతర వేస్తే 45 రోజులకు సైలేజీ. ఏప్రిల్, మే నెలలు దానితోనే గట్టెక్కుతున్నా.

కృష్ణా_కాలువ
కొనేటప్పుడు జాగ్రత్త గురించి ఎవరూ రాయలేదు. హర్యానా వెళ్లి తెచ్చుకున్నాను రెండు. రోహ్తక్ దగ్గర. అమ్మేవాడు ముందు పూట పిండకుండా ఆపేస్తాడు, పొదుగు కుండలా కనిపిస్తుంది. 14 లీటర్లు పిండి చూపించాడు, ఇంటికొచ్చాక 8. వరుసగా మూడు పూటలు మన ఎదుటే పిండించాలి, తక్కువైతే కొనకూడదు. రెండో ఈత, మూడో ఈతవే చూడండి. నాలుగు చనుకట్లలోంచీ ధార వస్తోందా మీ చేత్తో పిండి చూడండి. అంత దూరం లారీలో వచ్చిన గేదె తేరుకోవడానికి నెల పట్టింది, మన ఎండకు ఇంకా ఎక్కువ. నీళ్లు చల్లుతూనే ఉండాలి. దగ్గరి ఊళ్లలో తెలిసిన ఇంటి నుంచి కొనుక్కుంటే రూపాయి ఎక్కువైనా నయం.

సింధనూరు_క్యాంపు
ఈ విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను.

దివిసీమ_పాడి
తవుడు గురించి ఒక ముక్క. మిల్లు తవుడు చవకని నాలుగు బస్తాలు వేయకండి. నూనె ఉన్న తవుడు వేసవిలో త్వరగా ముక్కిపోతుంది, గేదె మూతి తిప్పుకుంటుంది. వారానికి సరిపడా తెచ్చుకుని, పత్తి చెక్క, మక్క నూక, కంది చున్నీతో కలపండి.

మిర్యాలగూడ_వరి
నిన్న రాత్రి ఇంట్లో కూర్చున్నాం, నోటుబుక్కు ముందు పెట్టుకుని. తెల్లారుజాము అక్క రాసింది నా భార్యకు చదివి వినిపించాను. ఆమె రెండుసార్లు చదివించుకుంది. ఐదు లేవు, రెండే. అది కూడా ఇప్పుడు కాదు. మొదట బోరు కింద ఎకరం నేపియర్. రెండో కోత వచ్చాకే పశువులు. రెండింట్లో ఒకటి ఈనినది, ఇంకోటి ఆరేడు నెలల చూడిది తెస్తే ఒకటి వట్టిపోయేలోపు రెండోది పాలకు వస్తుందని ఆమే అంది. పొద్దున నేను పిండడం నేర్చుకోవాలి, సాయంత్రం ఆమె. ఖాతా ఆమె పేరున. నాన్న రెండే అనేసరికి ముఖం మాడ్చుకున్నాడు కానీ, గుంజలు మాత్రం నాలుగు చెక్కుతున్నాడు.

ఈ యాసంగి గడ్డి కాల్చను. మిగతా ఏడెకరాలదీ బేళ్లు కట్టించి, రెండు బర్రెలకు కావాల్సినంత పెట్టుకుని మిగతాది అమ్ముతా. యాసంగి_మడి అన్న మాట కూడా సగం విన్నట్టే.

యాసంగి_మడి
ఈ లెక్కకు నాకు అభ్యంతరం లేదు. ఆరు టన్నులు ఉంచుకుంటే రెండింటికి ఏడాది దాటుతుంది, వాన తగిలి పోయేది పోయినా.

తెల్లారుజాము
పిండడం నేర్చుకునేటప్పుడు బొటనవేలు మడిచి నొక్కకండి, చనుకట్టు దెబ్బతింటుంది. పిడికిలి నిండా పట్టుకోవాలి. మొదటి నెల బర్రె మీకు సగమే ఇస్తుంది, కంగారు పడొద్దు. వదినకు నా నమస్కారం చెప్పండి.

జగిత్యాల_మక్క
నేపియర్ ముక్కలు మా దగ్గర ఉన్నాయి. రెండు కణుపుల ముక్క, మూడడుగుల సాలు, రెండడుగుల ఎడం. వచ్చి పట్టుకుపోండి, పైసలు వద్దు. నీళ్లు నిలిచే మడిలో మాత్రం పెట్టకండి, కుళ్లిపోతాయి.

మిర్యాలగూడ_వరి
బోరు కింద చెలక ఎత్తుగానే ఉంది, వరి గట్లు తెంచితే నీళ్లు నిలవవు. ఆదివారం ట్రాలీ తీసుకుని వస్తా అన్నా. ఎకరానికి ఎన్ని ముక్కలు పడతాయో చెబితే దానికి తగ్గ బండి మాట్లాడుకుంటా.

జగిత్యాల_మక్క
ఆ ఎడానికి ఏడు వేల చిల్లర. చావులకు కలిపి ఎనిమిది వేలు కట్టి ఉంచుతాను.